పల్లె సంఘం తరఫున బ్లాగు, యూట్యూబ్ ఛానెల్ మొదలుపెట్టాలంటే ఏది రాయాలి, ఏది బయట పెట్టకూడదు?

ప్రశ్న: బొబ్బిలి సంఘ కార్యదర్శి

అందరికీ వందనాలు. బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో ఉన్న బాప్టిస్టు సంఘానికి నేను కార్యదర్శిని. 1870ల చివర కెనడా బాప్టిస్టు మిషనరీలు బొబ్బిలిలో స్థిరపడిన తరువాత ఈ చుట్టుపక్కల ఏర్పడిన సంఘాలలో మాది ఒకటి. వ్యవసాయ కూలీలు, జనపనార మిల్లులో పనిచేసేవారు, కొద్దిమంది ఉపాధ్యాయులు మా సభ్యులు. చదువుకున్న పిల్లలు విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో ఉద్యోగాలు చేసుకుంటూ పండుగలకు మాత్రమే ఊరికి వస్తున్నారు.

సంఘం పేరున ఒక బ్లాగు, ఒక యూట్యూబ్ ఛానెల్ ప్రారంభించాలని యవ్వనస్థుల కూడికలో తీర్మానం చేశారు. ఆదివారపు వాక్యాన్ని, సాక్ష్యాలను, బాప్తిస్మాల ఫోటోలను, స్త్రీల సమాజం పాటలను అందులో పెడితే సువార్త దూరప్రాంతాలకు కూడా చేరుతుందని వారి ఆశ. ఆ ఉత్సాహం చూస్తే నాకు సంతోషంగానే ఉంది. అయితే సంఘ పెద్దలలో కొందరు ఇప్పుడున్న పరిస్థితులలో ఇది ఊరిలో లేనిపోని తగవు తెచ్చిపెడుతుందేమోనని భయపడుతున్నారు. ఆ భయాన్ని తేలికగా తీసివేయడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

రాతతో మొదలుపెట్టాలా, వీడియోతోనా? స్వస్థత సాక్ష్యాలను ప్రచురించవచ్చా? మన విశ్వాసాన్ని దాచుకోకుండా, ఇరుగుపొరుగు వారి మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలి? ఇదివరకే ఇటువంటి పని చేస్తున్నవారు, దగ్గరగా గమనించినవారు తమ అభిప్రాయం తెలియజేయవలసిందిగా మనవి.

జవాబు: ఉద్దానం నర్సు

కార్యదర్శి గారికి వందనాలు. మీరు అడిగినవాటిలో సాక్ష్యాల సంగతి ఒక్కటే రాస్తాను. నేను ఒక డయాలసిస్ కేంద్రంలో నర్సుగా పనిచేస్తున్నాను, మాదీ విశ్వాసుల కుటుంబమే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో ఈ జిల్లావారికి కొత్తగా చెప్పనక్కరలేదు. దాని మూలకారణం ఏమిటో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయంటే ఈ జబ్బు ఎంత తీవ్రమైనదో ఊహించుకోవచ్చు. వారానికి రెండు మూడుసార్లు వచ్చి, వచ్చినప్పుడల్లా దాదాపు నాలుగు గంటలసేపు యంత్రం పక్కన పడుకునే మనిషికి చేతిలోని ఫోనే తోడు. ప్రార్థన చేయించుకున్నాక కిడ్నీలు బాగయ్యాయి, డయాలసిస్ మానేశాను అని ఎవరో చెప్పే వీడియో ఆ ఫోనులోకి వచ్చిందంటే, దానిని ఆ మనిషి మనం చూసినట్లు చూడడు. వీడియోలో కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రిపోర్టు ఉండదు, ఏ డాక్టరు పరీక్షించారో ఉండదు, ఆ సాక్ష్యం చెప్పినవారు ఆరు నెలల తరువాత ఎలా ఉన్నారో అసలే ఉండదు. దానిని నమ్మి డయాలసిస్‌కు రావడం మానేస్తే ఒంట్లో నీరు చేరి ఊపిరి ఆడదు, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. ఆ స్థితిలో తిరిగి తీసుకొచ్చిన వారందరినీ మేము కాపాడలేము.

దేవుడు స్వస్థపరచడని నేను చెప్పడం లేదు. మా కేంద్రానికి వచ్చే ప్రతి ఒక్కరి కోసం నేనూ ప్రార్థిస్తాను. అయితే మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ప్రభువు కుష్ఠరోగిని శుద్ధుని చేసిన తరువాత, ఈ సంగతి ఎవరితోనూ చెప్పవద్దనీ వెళ్లి యాజకునికి కనబరచుకొమ్మనీ ఖండితంగా ఆజ్ఞాపించాడు. ఆ కాలంలో రోగం నిజంగా పోయిందో లేదో పరిశీలించి చెప్పే బాధ్యత యాజకునిదే. ముందు పరీక్ష, ఆ తరువాతే మాట అన్న ఆ క్రమాన్ని పాటించడం మన సంఘాలకు అవమానమేమీ కాదు. చట్టం కూడా ఒకటుంది. మంత్రతంత్రాలతో, తాయెత్తులతో రోగాలు నయమవుతాయని చేసే ప్రకటనలను 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల చట్టం నిషేధిస్తుంది. ప్రార్థనను ఆ జాబితాలో కలిపి చూడడం మనకు బాధ కలిగించవచ్చు. అయినా రోగం పేరు పెట్టి నయమవుతుందని హామీ ఇచ్చే వీడియోను ఒక అధికారి ఏ దృష్టితో చూస్తాడో పెద్దలు ముందుగానే ఆలోచించుకోవాలి.

అందువల్ల నా సలహా ఏమిటంటే, ఆరోగ్యానికి సంబంధించిన సాక్ష్యాన్ని సంఘంలో, ఆ మనిషిని ఎరిగినవారి మధ్యనే వినండి. అక్కడ పక్కన కూర్చున్నవారు మందులు మానవద్దని చెప్పగలరు, ఇంటికి వెళ్లి చూసి రాగలరు. ఫోనులో ఆ అవకాశం ఉండదు. ఎవరైనా పట్టుబట్టి రాసి ఇస్తే, చికిత్స ఏమి తీసుకున్నారో, ఇంకా ఏ మందులు వాడుతున్నారో కూడా అదే వ్యాసంలో రాయించండి.

పిల్లల ఫోటోల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మీ సంఘం ఆధ్వర్యంలో అనాథ పిల్లల గృహం ఏదైనా ఉంటే, సంరక్షణ అవసరమైన పిల్లల ముఖాన్ని, పేరును, చిరునామాను ప్రసార సాధనాలలో బయట పెట్టకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. క్రిస్మస్‌కు బట్టలు పంచుతూ తీసే ఫోటోలకు కూడా ఇది వర్తిస్తుంది. చట్టం లేకపోయినా, తాను దిక్కులేనివాడినని ప్రపంచమంతా చూసిన ఫోటో రేపు కాలేజీలో తన ముందుకు రావాలని ఏ పిల్లవాడు కోరుకుంటాడు?

జవాబు: విజయనగరం విశ్రాంత ఉపాధ్యాయుడు

నమస్కారం. నేను క్రైస్తవుడిని కాను. తెలుగు పండితుడిగా ఉద్యోగ విరమణ చేసి విజయనగరంలో ఉంటున్నాను. ఇరుగుపొరుగు గురించి మీరు అడిగిన ప్రశ్న చూసి, ఆ పొరుగువాడి వైపు నుండి ఒక మాట చెబుదామని రాస్తున్నాను.

మీ విశ్వాసాన్ని ప్రకటించడానికి మీకు హక్కుంది. మతాన్ని అవలంబించడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి రాజ్యాంగం 25వ అధికరణం స్వేచ్ఛనిచ్చింది. శాంతిభద్రతలు, నీతి, ఆరోగ్యం అన్న పరిమితులు కూడా అందులోనే ఉన్నాయి. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, తన మత సిద్ధాంతాలను వివరించి చెప్పుకోవడమే ప్రచార హక్కు అనీ, మరొకరిని మతం మార్చే హక్కు అందులో ఇమిడి లేదనీ తీర్పు చెప్పింది. కాబట్టి మీ పెద్దల భయానికి విరుగుడు మౌనం కాదని నేను అనుకుంటున్నాను. చెప్పే తీరు చూసుకుంటే చాలు.

నాకు వాట్సాప్‌లో వచ్చే క్రైస్తవ వీడియోలలో కొన్నింటిని సగంలోనే ఆపివేస్తాను. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఊరంతా కదిలి వచ్చే రోజులలోనే, ఆ పండుగను ఎగతాళి చేస్తూ ఎవరో మాట్లాడిన వీడియో ఒకటి వచ్చింది. అందులో క్రీస్తు గురించి ఒక్క మాట కూడా లేదు. మాట్లాడినవాడు తన దేవుడిని నాకు పరిచయం చేయలేదు, నా ఊరిని నాకు దూరం చేయాలని చూశాడు. మరోవైపు, మా వీధిలోని క్రైస్తవ కుటుంబం ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో నలభై రోజులు ఎందుకు ఉపవాస ప్రార్థనలు చేస్తారో, గుడ్ ఫ్రైడే నాడు మూడు గంటల ఆరాధనలో క్రీస్తు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఎందుకు ధ్యానిస్తారో అడిగితే చెప్పింది, నేను ఆసక్తిగా విన్నాను. ఇటువంటివి తెలుగులో వివరంగా, తిట్లు లేకుండా రాసినవి ఎక్కడ దొరుకుతాయో ఇప్పటికీ నాకు తెలియదు. మీ యవ్వనస్థులు వాటితో మొదలుపెట్టవచ్చు కదా!

మీ కీర్తనల గురించీ రాయండి. పురుషోత్తమ చౌధరి (1803–1890) ఈ ఉత్తర సర్కారులలో తిరిగి పరిచర్య చేసిన కవి. రాగ తాళాలు తెలిసి రాసిన ఆయన కీర్తనలను నేను సాహిత్యం కోసం చదివాను. ఏ కీర్తన ఏ రాగంలో ఉంది, ఏ పదానికి అర్థం ఏమిటి, సంఘంలో దానిని ఎప్పుడు పాడతారు అన్న వివరాలతో వారానికి ఒక వ్యాసం రాస్తే, క్రైస్తవులు కానివారు కూడా చదువుతారు. మీ పిల్లలకూ తాతముత్తాతల పాట అర్థంతో సహా దక్కుతుంది.

జవాబు: శ్రీకాకుళం ఉపదేశి

నేను కతోలిక సంఘంలో ఉపదేశిగా పనిచేస్తున్నాను. మన సంఘాలు వేరైనా ఈ విషయంలో మనకు ఎదురయ్యే ఇబ్బందులు ఒకటే.

కొత్త సాధనాలను సంకోచంతో చూడవలసిన పని లేదని ముందుగా మీ పెద్దలకు చెప్పండి. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ మొదట పెట్టుకున్న పనులలో ఒకటి తెలుగు నేర్చుకుని సువార్తలను అనువదించడం. ఆ అనువాదాలు ఇద్దరూ చనిపోయాక 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. అచ్చు యంత్రం ఆనాటికి కొత్త సాధనమే. తరువాతి కాలంలో సీషెల్స్ దీవులలోని ఫెబా అనే క్రైస్తవ రేడియో నుండి షార్ట్‌వేవ్‌లో తెలుగు కార్యక్రమాలు వచ్చేవి. మా వైపు పునీత ఫ్రాన్సిస్ ది సేల్స్ పేరు పెట్టుకున్న సభ గురువులు 1846లో విశాఖపట్నం వచ్చారు. ఆ పునీతుడు తన ప్రసంగాలకు జనం రాని ప్రాంతంలో కాగితాల మీద రాసి ఇళ్ల తలుపుల కింద నుండి లోపలికి జార్చాడని చెబుతారు. 1923లో ఆయనను కతోలిక రచయితలకు పాలక పునీతునిగా ప్రకటించారు. 2010లో పోపు 16వ బెనెడిక్టు తన ప్రపంచ సమాచార దినోత్సవ సందేశంలో బ్లాగులు, వెబ్‌సైట్లు, వీడియోలు వాడుకొమ్మని గురువులను స్పష్టంగా కోరారు. కాబట్టి ఇది యవ్వనస్థుల సరదా అని ఎవరైనా అంటే ఈ సంగతులు చెప్పవచ్చు.

ఇక వ్యాఖ్యలు. అసలు కష్టం అక్కడే ఉంది. ప్రతి వ్యాఖ్యనూ ముందుగా చదివి ఆమోదించే విధంగా అమర్చుకోండి. ప్రశ్న ఎంత పదునుగా ఉన్నా ప్రచురించి జవాబు చెప్పండి, దూషణను ప్రచురించవద్దు, దానికి జవాబూ ఇవ్వవద్దు. దూషించినవారి స్క్రీన్‌షాటు తీసి సంఘం గ్రూపులో పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితులలోనూ జరగకూడదు. అది పెట్టిన గంటలో ఇరవైమంది వెళ్లి ఆ వ్యక్తిని తిడతారు, మరునాటికి రెండు వర్గాలు తయారవుతాయి. తగవు పోలీసు స్టేషనుకు చేరితే, 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మతాల మధ్య వైరం పెంచడానికి 196వ సెక్షన్, మతభావాలను ఉద్దేశపూర్వకంగా గాయపరచడానికి 299వ సెక్షన్ ఉన్నాయి. అవి రెండు వైపులకూ వర్తిస్తాయి. మనలోని నిరీక్షణకు హేతువు అడిగినవారికి సాత్వికముతోను భయముతోను సమాధానం చెప్పమని పేతురు తన మొదటి పత్రిక మూడవ అధ్యాయంలో రాశాడు. అందులో అడిగినవారికి అన్న మాటను మేము మా నియమంగా పెట్టుకున్నాము. డ్వాక్రా గ్రూపు, రైతుల గ్రూపు, బడి తల్లిదండ్రుల గ్రూపు వంటి ఊరి ఉమ్మడి వాట్సాప్ గ్రూపులలోకి మా వ్యాసాలను పంపము. అవి ఊరందరివి. అక్కడ ఉన్నవారు మన సందేశం కోరి చేరలేదు.

ఇంకొక జాగ్రత్త. వాట్సాప్ గ్రూపులో ఒకరి నంబరు అందరికీ కనిపిస్తుంది. ప్రార్థన మనవులు పంపే ఆడపిల్లలకు ఆ తరువాత తెలియని నంబర్ల నుండి ఫోన్లు వచ్చిన సందర్భాలు మా దగ్గర ఉన్నాయి. 2023 సెప్టెంబరులో భారతదేశంలో మొదలైన వాట్సాప్ ఛానెల్స్‌లో చేరినవారి నంబర్లు ఒకరికొకరు చూసుకోలేరు. వ్యాసాల లంకెలు పంపడానికి అది మేలు. ప్రార్థన మనవులను మాత్రం సంఘ కాపరి అయ్యగారికో అమ్మగారికో నేరుగా పంపమని చెప్పండి.

జవాబు: సంతబొమ్మాళి సోదరి

రాతా వీడియోనా అని అడిగారు కాబట్టి ఒక చిన్న మాట. మా ఇంట్లో మగవాళ్లు చేపల వేట కోసం గుజరాత్‌లోని వేరావల్ వెళతారు. బోటు లోతు నీళ్లకు వెళ్లాక ఫోను పనిచేయదు, ఒడ్డుకు వచ్చిన రాత్రి మాత్రమే చూసుకుంటారు. అరగంట వీడియో చూసే ఓపిక వారికి ఉండదు, చదువు తక్కువ కాబట్టి వ్యాసమూ చదవలేరు. మా అయ్యగారు ఆదివారపు వాక్యాన్ని ఐదు నిమిషాలకు కుదించి తన గొంతుతో ఆడియో పంపుతారు, చివర ఆ వారం ఊరిలో ఎవరికి బిడ్డ పుట్టిందో, ఎవరు ఆసుపత్రిలో ఉన్నారో చెప్పి ప్రార్థిస్తారు. మా ఆయన దానిని తోటివారికి కూడా వినిపిస్తారు. హైదరాబాదులో ఉన్న మీ పిల్లలకు పెద్ద పెద్ద బోధకుల వీడియోలు ఎలాగూ దొరుకుతాయి, తమ సొంత సంఘపు అయ్యగారి గొంతు మాత్రం ఇంకెవరూ పంపలేరు.

కార్యదర్శి తిరిగి రాసినది

అందరికీ కృతజ్ఞతలు. నర్సు సోదరి రాసినది పెద్దల కూటంలో పూర్తిగా చదివి వినిపించాను. స్వస్థత సాక్ష్యాలు, పిల్లల ఫోటోలు పెట్టకూడదని అక్కడే నిర్ణయించారు. బాప్తిస్మం ఫోటోల మీద మాత్రం చర్చ సాగింది. ఇంట్లో ఇంకా ఒప్పుకోనివారు ఉన్నప్పుడు ఆ ఫోటో ఆ విశ్వాసికే కష్టం తెస్తుందని అయ్యగారు అన్నారు. చివరకు బాప్తిస్మాల చిత్రాలను ప్రచురించకుండా సంఘ రిజిస్టరుతో పాటు భద్రపరచాలని తీర్మానించాము. శ్రమకాలం, కీర్తనలు, మా సంఘ చరిత్ర అన్న మూడు విషయాలతో బ్లాగు మొదలవుతుంది, అయ్యగారి ఆడియో వారానికొకటి వెళుతుంది.

ఇప్పుడు మరో రెండు సందేహాలు. మా సంఘ చరిత్రను పాతికేళ్ల క్రితం చిన్న పుస్తకంగా అచ్చు వేయించాము. దాని కంప్యూటర్ ఫైలు దొరికింది కానీ తెరిస్తే అక్షరాలన్నీ ఇంగ్లీషు గుర్తులుగా కనిపిస్తున్నాయి. రెండవది, స్త్రీల సమాజం వారు పాడిన పాటలను యూట్యూబ్‌లో పెడితే హక్కుల ఇబ్బంది వస్తుందా?

జవాబు: సాలూరు డీటీపీ

మీ ఫైలు పాడు కాలేదు. అది అను ఫాంట్లలో టైపు చేసినది. ఆ రోజులలో మన జిల్లాలలోని శుభలేఖలు, కరపత్రాలు, సంఘ పుస్తకాలు చాలావరకు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతోనే తయారయ్యాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అవి ఇంగ్లీషు గుర్తులుగానే కనిపిస్తాయి, గూగుల్‌కు కూడా అవి తెలుగని తెలియదు. ఏ కంప్యూటరులోనైనా, ఫోనులోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చితేనే ఎవరైనా వెతికినప్పుడు మీ వ్యాసం దొరుకుతుంది. మార్చే ఉపకరణాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, కానీ వత్తులు, సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు పడతాయి కాబట్టి పూర్తిగా వాటి మీద ఆధారపడకూడదు. ఇదే కారణం చేత కరపత్రాన్ని ఫోటో తీసి బ్లాగులో పెట్టడం వల్ల కూడా ప్రయోజనం తక్కువ. ఏజెన్సీలో సిగ్నల్ సన్నగా ఉన్నచోట ఫోటో తెరుచుకోదు, అదే విషయాన్ని అక్షరాలుగా పెడితే క్షణంలో వస్తుంది.

పాటల విషయంలో రెండు వేరు వేరు హక్కులుంటాయి. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత అరవై సంవత్సరాల వరకే సాహిత్యం మీద హక్కు ఉంటుంది. పురుషోత్తమ చౌధరి గారి వంటి పూర్వకవుల కీర్తనలను మీవారు తమ సొంత గొంతుతో, తమ డోలక్, హార్మోనియంతో పాడితే ఎవరి అనుమతీ అక్కరలేదు. అయితే ఈ మధ్య ఎవరో కొత్త సంగీతంతో విడుదల చేసిన రికార్డింగును వెనుక పెట్టి పాడితే అది వారి హక్కు, యూట్యూబ్ దానిని యంత్రంతోనే గుర్తు పడుతుంది. హక్కుదారులు ఫిర్యాదు చేస్తే స్ట్రైక్ అనే హెచ్చరిక పడుతుంది, తొంభై రోజులలో మూడు పడితే ఛానెల్‌నే మూసివేయవచ్చు. ఇప్పటి రచయితల పాటలకైతే ఒక ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి, చాలామంది సంతోషంగా ఇస్తారు. బైబిలు కొత్త అనువాదాల మీద కూడా ప్రచురణకర్తలకు హక్కులుంటాయి. వచనాలు ఉటంకించడంలో చిక్కు లేదు కానీ, అధ్యాయాలకు అధ్యాయాలు ఎత్తి పెట్టే ముందు ఆ ప్రతి మొదటి పేజీలో ఏమి రాశారో చూడండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. వీడియో కింద సంఘం బ్యాంకు ఖాతా నంబరు, క్యూఆర్ కోడు పెట్టవద్దు. విదేశీ పౌరసత్వం తీసుకున్న మన ఊరివారే ప్రేమతో డబ్బు పంపినా, విదేశీ విరాళాల చట్టం ప్రకారం అది విదేశీ విరాళమే అవుతుంది. ఆ చట్టం కింద నమోదు లేని సంఘం దానిని తీసుకోకూడదు. కానుకలను ఆరాధనలోనే తీసుకోండి.

ఖాతాలను సంఘం పేరున తెరిచిన ఒకే ఈమెయిలుతో నడపండి. ఒక యవ్వనస్థుడి సొంత ఈమెయిలుతో తెరిస్తే, అతనికి ఉద్యోగం వచ్చి వెళ్లిపోయినప్పుడు ఛానెల్ కూడా అతనితోనే వెళుతుంది. అయ్యగారికి బదిలీ అయినా ఇదే సమస్య. కార్యదర్శి, కోశాధికారి ఇద్దరి దగ్గరా పాస్‌వర్డు ఉండాలి, మినిట్స్ పుస్తకంలో ఆ తీర్మానం రాసి ఉంచాలి. మీ పాత పుస్తకం పేజ్‌మేకర్ ఫైలును నాకు పంపితే యూనికోడ్‌లోకి మార్చి ఇస్తాను, దానికి డబ్బు అవసరం లేదు. అచ్చు ప్రతిని దగ్గర పెట్టుకుని తప్పులు దిద్దడానికి మాత్రం మీ ఉపాధ్యాయులలో ఒకరిని కూర్చోబెట్టండి. ఊళ్ల పేర్లు, తొలి విశ్వాసుల ఇంటిపేర్లు సరిగా ఉన్నాయో లేదో మీ ఊరివారే చెప్పగలరు.